పక్షవాతం వచ్చిన మనిషి ఇంటికి చేరాక: తిరుపతిలో అద్దెకు దొరికే సామాను, సేవల సమీక్ష

పక్షవాతం వచ్చిన మనిషిని ఆసుపత్రి నుంచి ఇంటికి పంపే రోజున కుటుంబం చేతిలో రెండు కాగితాలు ఉంటాయి. ఒకటి డాక్టరు ఇచ్చే డిశ్చార్జి సమ్మరీ. రెండోది, వార్డులో నర్సమ్మ ఒక మాట, పక్క మంచం వాళ్ళు ఒక మాట చెప్పగా మనమే రాసుకున్న సామాను జాబితా: మంచం, గాలి పరుపు, చక్రాల కుర్చీ, వాకరు, కమోడ్ కుర్చీ, యూరిన్ పాట్. మొదటి కాగితంలోని ప్రతి మందు గురించీ అడిగితే చెప్పేవారు ఉంటారు. రెండో కాగితంలో ఏది అవసరమో, ఏది అక్కర్లేదో, ఏది హాని చేస్తుందో చెప్పవలసిన బాధ్యత ఎవరి మీదా లేదు కాబట్టి, అది నేరుగా సర్జికల్ దుకాణానికి చేరుతుంది.

తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆసుపత్రుల చుట్టుపక్కల అలాంటి దుకాణాలకు కొదవ లేదు. మా నాన్నగారిని ఇంటికి తెచ్చుకున్నప్పుడు వాటిలో ఒకదాని నుంచి కొంత సామాను అద్దెకు తీసుకున్నాము, కొంత కొన్నాము. ఇంటికి వచ్చి వ్యాయామం చేయించే ఫిజియోథెరపిస్టును, కొంతకాలం పాటు ఒక ఏజెన్సీ పంపిన అటెండెంటును కూడా పెట్టుకున్నాము. ఆ సామాను, ఆ సేవలు ఎంతవరకు పనికివచ్చాయన్నదే ఈ సమీక్ష. దుకాణం పేరు, ఏజెన్సీ పేరు రాయడం లేదు. ఊళ్ళో ఏ దుకాణంలో అడిగినా దాదాపు ఇదే సామాను, ఇదే పద్ధతి కనిపిస్తాయి కనుక, పేరు కంటే వస్తువును ఎంచుకునే తీరు తెలియడమే చదివేవారికి ఉపయోగం.

నాన్నగారికి మెదడు ఎడమ భాగంలోని రక్తనాళంలో రక్తపు గడ్డ అడ్డుపడింది. అందువల్ల కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి, మాట కూడా దెబ్బతిన్నది. ఎదుటివారు చెప్పేది చాలావరకు అర్థమవుతుంది, తాను అనుకున్న మాట మాత్రం నోటికి రాదు. ఇంట్లో ఆయనను చూసుకునేది ముఖ్యంగా అరవై దాటిన మా అమ్మ; ఉదయం, సాయంత్రం నేను. కాబట్టి ప్రతి వస్తువునూ నేను రెండు ప్రశ్నలతో తూచాను. ఇది వాడటం వల్ల నాన్నగారు తన పని తాను ఇంకొంచెం ఎక్కువగా చేసుకోగలుగుతున్నారా? అమ్మ నడుముకు, అమ్మ నిద్రకు ఇది మేలు చేస్తున్నదా? ఈ రెండింటిలో ఒక్కదానికైనా అవునని చెప్పలేని వస్తువు ఎంత ఖరీదైనదైనా మా ఇంట్లో చోటు ఆక్రమించడానికే పనికివచ్చింది.

ముందుగా మంచం. దుకాణంవారు ఫౌలర్ మంచం అనే, తల వైపు, మోకాళ్ళ వైపు మరతో లేచే ఇనుప మంచాన్ని పంపారు. తలవైపు ఎత్తగలగడం తిండి పెట్టేటప్పుడు నిజంగా మేలు చేసింది. పడుకున్న మనిషికి తినిపించడం ప్రమాదమని, నిటారుగా కూర్చోబెట్టి పెట్టి, తిన్నాక కనీసం అరగంట అలాగే కూర్చోనివ్వాలని ఆసుపత్రిలోనే చెప్పారు. అయితే ఆ మంచం ఎత్తు మార్చడానికి వీలు లేనిది. దాని మీద దుకాణంవారి పరుపు, ఆ పైన గాలి పరుపు వేసేసరికి, అంచున కూర్చున్న నాన్నగారి పాదాలు నేలకు అందలేదు. పాదాలు రెండూ నేల మీద పూర్తిగా ఆనకపోతే కూర్చోవడంలో నిలకడ రాదు, లేచి నిలబడే సాధన మొదలే కాదు. ఈ సంగతి గుర్తించినది ఫిజియోథెరపిస్టు. ఫోన్ చేసి చెప్పగా దుకాణంవారు అదనపు డబ్బు అడగకుండా పొట్టి కాళ్ళ మంచం తెచ్చి మార్చారు. ఇది వారికి తప్పక చెప్పవలసిన మెచ్చుకోలు. మంచం తెప్పించుకునే ముందు రోగి మోకాలి వెనుక నుంచి మడమ దాకా ఎంత పొడవుందో కొలిచి చెప్పండి. పరుపులతో కలిపిన మంచం ఎత్తు దానికి దగ్గరగా ఉండాలి. మంచాన్ని ఏ గోడకు చేర్చి వేస్తున్నారన్నది కూడా ముఖ్యమే. బలం ఉన్న వైపు నుంచి దిగడం సులువు కాబట్టి, మేము నాన్నగారి ఎడమ చేయి గది వైపు ఉండేలా వేయించాము.

గాలి పరుపు గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే దాని మీద కుటుంబాలు పెట్టుకునే నమ్మకం దాని శక్తికి మించినది. చిన్న పంపు ఒకటి మంచం కాళ్ళవైపు తగిలించి ఉంటుంది. పరుపులోని బుడగల వరసల్లో ఒక వరసకు గాలి నింపుతూ, పక్క వరస నుంచి తీస్తూ, కొన్ని నిమిషాలకొకసారి ఒత్తిడి పడే చోటును మారుస్తూ ఉంటుంది. కదలలేని మనిషికి పిరుదుల పైన, మడమల దగ్గర, తుంటి పక్కన పుండ్లు పడకుండా ఇది సాయపడుతుంది, అంతే. రెండు గంటలకొకసారి పక్క మార్చవలసిన పని దీనివల్ల తప్పిపోదు. దుకాణం కుర్రవాడు పంపు బిగించి, స్విచ్ వేసి వెళ్ళిపోయాడు; పంపు మీద ఉన్న బరువు మీటను రోగి బరువును బట్టి తిప్పాలని అతను చెప్పలేదు, పెట్టె మీది కాగితంలో చదివి తెలుసుకున్నాము. సరిగ్గా ఉందో లేదో చూసుకునే ఉపాయం నర్సు ఒకరు చెప్పారు. రోగి పిరుదుల కింద, గాలి పరుపుకు అడుగున చేయి దూర్చి చూడాలి. శరీరానికీ అడుగుకూ మధ్య ఒక అంగుళమైనా గాలి మిగిలి ఉండాలి. చేతికి ఎముక తగిలితే పరుపు ఉన్నా లేనట్టే.

ఆ పరుపు మీద ఒక పలుచని దుప్పటి మాత్రమే పరచాలి. మెత్తగా ఉంటుందని ప్రేమ కొద్దీ అమ్మ రెండు బొంతలు వేయబోతే, ఫిజియోథెరపిస్టు వద్దన్నారు. మందంగా పరిచిన కొద్దీ బుడగల పని శరీరం దాకా చేరదట. కరెంటు పోతే గాలి మెల్లగా దిగిపోతుంది కాబట్టి పంపును ఇన్వర్టరు ఉన్న ప్లగ్గుకే పెట్టుకోవడం మంచిది, అది తీసుకునే కరెంటు చాలా తక్కువ. పుండు పడబోయే చోట చర్మం ఎర్రబడుతుందని అంటారు గాని, మన చామనచాయ, నలుపు చర్మాల మీద ఆ ఎరుపు సులభంగా కనిపించదు. అందుకే స్నానం చేయించేటప్పుడు వేళ్ళతో తాకి చూడాలి. చుట్టుపక్కల కంటే వేడిగా, గట్టిగా ఉన్న చోటు మీద ఇక బరువు పడనివ్వకూడదు. మడమల కింద దిండు పెట్టడం కంటే పిక్కల కింద పెట్టి మడమలు గాలిలో తేలేలా ఉంచడం మేలు. దుకాణంలో అమ్మే గుండ్రని గాలి రింగును మాత్రం కొనవద్దు. మధ్యలో ఖాళీ ఉంటే హాయిగా ఉంటుందనిపిస్తుంది, కానీ ఆ రింగు అంచు చుట్టూ ఒత్తిడి పెరిగి, నడిమి చర్మానికి రక్తం అందడం తగ్గుతుంది. మంచాన్ని అద్దెకు తీసుకున్నా, గాలి పరుపును మేము కొత్తదే కొన్నాము. చర్మానికి ఆనుకొని ఉండే వస్తువు, మలమూత్రాలు తగిలే వస్తువు ఇంకొకరు వాడి ఇచ్చినది కావడం మాకు ఇష్టం లేకపోయింది.

తీసుకున్న సామాను అంతటిలో నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది కమోడ్ కుర్చీ. చూడటానికి ఎంతమాత్రం ఆకర్షణ లేని, నాలుగు చక్రాల ఇనుప కుర్చీ అది. నడుమ రంధ్రం, కింద జారే బకెట్ ఉంటాయి. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ నాన్నగారికి డైపరు వేశారు. మాట రాని మనిషికి ఆ అవస్థ ఎంత అవమానంగా ఉండేదో, డైపరు మార్చేటప్పుడు ఆయన ముఖం గోడవైపు తిప్పుకోవడం చూస్తే తెలిసేది. ఇంటికి వచ్చాక పొద్దున్నే ఒక వేళకు, భోజనం తర్వాత ఒక వేళకు కుర్చీ మీద కూర్చోబెట్టడం మొదలుపెట్టాము. వేళ అలవాటయ్యాక పగటిపూట డైపరు అవసరం తగ్గిపోయింది. బకెట్ తీసేస్తే అదే కుర్చీని స్నానాల గదిలోకి నెట్టుకొని వెళ్ళి, పాశ్చాత్య పద్ధతి మరుగుదొడ్డి మీదుగా నిలపవచ్చు, దాని మీదే స్నానమూ చేయించవచ్చు. మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి మంచానికి మారే ప్రతిసారీ నాన్నగారు లేచి నిలబడక తప్పదు కాబట్టి, అది ఆయనకు రోజుకు నాలుగైదు సార్లు జరిగే వ్యాయామం కూడా అయింది. కొనేటప్పుడు చూడవలసినవి మూడు: చక్రాలకు గట్టి బ్రేకులు ఉండాలి, చేయి ఆన్చుకునే పట్టీ ఒకవైపు పక్కకు తీయడానికి రావాలి, సీటు ఎత్తు మంచం ఎత్తుతో సమానంగా ఉండాలి. దీనిని అద్దెకు తీసుకోవద్దు. కొన్ని నెలల అద్దె కలిపితే కొత్త దాని ధర అవుతుంది, అవసరం అంత త్వరగా తీరేది కాదు.

వాకరు విషయంలో మాత్రం దుకాణం మీద నాకు గట్టి ఫిర్యాదు ఉంది. పక్షవాతం అనగానే అడగకుండానే నాలుగు కాళ్ళ వాకరును జాబితాలో కలిపారు. వాకరును రెండు చేతులతో ఎత్తి ముందుకు వేయాలి; ఒక చేయి పనిచేయని మనిషికి దానివల్ల ప్రయోజనం లేకపోగా, ఒకవైపు లాగబడి పడిపోయే ప్రమాదం ఉంది. ఆయనకు కావలసినది బలమున్న చేతితో పట్టుకునే, అడుగున నాలుగు చిన్న కాళ్ళున్న చేతికర్ర. అదే దుకాణంలో, లోపలి అరలో, అది ఉంది! ఎవరూ చూపించలేదు. చేతికర్ర ఎత్తు కూడా అందరికీ ఒకటి కాదు. మనిషి నిలబడి చేయి వదులుగా కిందికి వేలాడదీస్తే మణికట్టు మడత దగ్గరకు కర్ర పిడి రావాలి, పట్టుకున్నప్పుడు మోచేయి కొద్దిగా వంగి ఉండాలి. కర్ర ఎప్పుడూ మంచి చేతిలోనే ఉంటుంది. మెట్లు ఎక్కేటప్పుడు బలమున్న కాలు ముందు, దిగేటప్పుడు బలహీనమైన కాలు ముందు అన్న సూత్రాన్ని ఫిజియోథెరపిస్టు మా అందరి చేతా చెప్పించారు.

నిలబెట్టేటప్పుడు మనిషి నడుముకు కట్టి మనం పట్టుకునే వెడల్పాటి బెల్టు ఒకటి ఉంటుంది. అది దుకాణంలో లేదు, ఫిజియోథెరపిస్టే తెప్పించి ఇచ్చారు. ఖరీదు చాలా తక్కువ, కానీ అమ్మ నడుమును కాపాడిన వస్తువు ఏదంటే అదే. అది లేని ఇళ్ళలో సాధారణంగా ఏం జరుగుతుందంటే, లేపవలసి వచ్చినప్పుడు పడిపోయిన చేతిని పట్టుకొనో, చంక కింద చేయి వేసో లాగుతారు. పక్షవాతంలో భుజం చుట్టూ ఉన్న కండరాలు వదులైపోయి, చేయి బరువుకే కీలు కిందికి జారుతుంటుంది; దాన్ని లాగితే తర్వాత నెలల తరబడి భుజం నొప్పి వెంటాడుతుంది, ఆ నొప్పితో మనిషి వ్యాయామానికే ఒప్పుకోడు. మా బంధువుల్లో ఒకరు జారిన భుజానికి పుత్తూరు కట్టు కట్టిద్దామని ఎంతో ఆదరంతో చెప్పారు. పుత్తూరు పేరు విరిగిన ఎముకలకు. ఇది ఎముక విరగడం కాదు, నరాల ఆజ్ఞ అందక కండరం వదులైపోవడం. కూర్చున్నప్పుడు చేతి కింద దిండు, నడిచేటప్పుడు మాత్రమే మెడకు తగిలించే స్లింగు, ఇవి చాలునని డాక్టరు చెప్పారు. రోజంతా స్లింగు వేసి ఉంచితే చేయి మడుచుకుపోయి బిగుసుకుంటుంది.

చక్రాల కుర్చీ గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. మామూలు మడత కుర్చీయే తీసుకున్నాము, ఆసుపత్రికి వెళ్ళి రావడానికి సరిపోయింది. అయితే అది మొత్తం వెడల్పులో రెండడుగులు దాటుతుంది కాబట్టి స్నానాల గది తలుపు ముందే కొలుచుకోండి. మా వీధి గుమ్మానికి ఎత్తైన గడప ఉంది. శుక్రవారం శుక్రవారం పసుపు రాసే గడపను చెక్కించడానికి అమ్మ మనసు ఒప్పలేదు, ఆమెను ఒప్పించాలని నేనూ అనుకోలేదు. వడ్రంగి చేత రెండు వైపులా వాలు చెక్కలు చేయించి, అవసరమైనప్పుడు వేసి తీసేలా పెట్టుకున్నాము. అంగుళం ఎత్తుకు అడుగు పొడవు వాలు ఉంటే కుర్చీ సులువుగా వెళుతుంది. వెనుక బలమైన మనిషి ఉంటే అంతకంటే కొంచెం నిటారుగా ఉన్నా ఇబ్బంది లేదు.

తిండి సామానులో దుకాణంవారు మూతి ఉన్న ఫీడింగ్ కప్పు ఇచ్చారు. దానిని పక్కన పెట్టించింది ఆసుపత్రిలోని స్పీచ్ థెరపిస్టు. మూతి కప్పుతో తాగాలంటే తల వెనక్కి వాల్చాలి, అలా వాలిస్తే నీళ్ళు గొంతు దాటి ఊపిరితిత్తుల వైపు వెళ్ళే అవకాశం ఎక్కువ. గడ్డం కొద్దిగా ఛాతీ వైపు వంచి, చిన్న చెంచాతో, ఒక ముద్ద మింగాకే రెండో ముద్ద పెట్టమన్నారు. పక్షవాతంలో మింగడం దెబ్బతిన్నవారికి పలుచని నీళ్ళే అన్నిటికంటే కష్టమని మాకు అప్పటిదాకా తెలియదు. చిత్తూరు జిల్లా ఇళ్ళలో రాగి సంగటి ముద్దను నమలకుండానే మింగే అలవాటు ఉంది, నాన్నగారికీ అంతే. ఆ ముద్దను కొంతకాలం పూర్తిగా ఆపమన్నారు. దాని బదులు రాగి జావను చెంచా నుంచి ధారగా కారకుండా మెల్లగా జారేంత చిక్కగా కాచి ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఎంత చిక్కన అన్నది ఒక్కొక్కరికీ ఒక్కో విధంగా ఉంటుంది, మింగే తీరును పరీక్షించినవారే చెప్పాలి; పొరుగింటి కొలత మనకు పనికిరాదు. తిన్నప్పుడల్లా దగ్గు రావడం, గొంతు తడిగా గరగరమనడం కనిపిస్తే వెంటనే చెప్పమన్నారు. ఊరగాయల ఉప్పు గురించి, రక్తపోటు గురించి అందరికీ తెలిసినదే కాబట్టి ఇక్కడ పొడిగించను. బీపీ మిషన్ మాత్రం మణికట్టుది కాకుండా దండచేతికి చుట్టేది కొనండి, బలమున్న చేతికే కట్టి చూడండి.

మాట రానివారి కోసం బొమ్మల పలక కావాలని అడిగితే, దుకాణంలో ఉన్నదాని మీద రాతలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి, బొమ్మల్లోని తిండి కూడా మనది కాదు. అమ్మ, పాత టీటీడీ క్యాలెండరు కాగితాల వెనుక మజ్జిగ గ్లాసు, దుప్పటి, ఫ్యాను, కమోడ్ కుర్చీ, మనవరాలి ఫోటో అతికించి ఒక పలక తయారుచేసింది. నాన్నగారు ఎడమ చేతితో చూపిస్తారు. నీళ్ళు కావాలన్నా ఆ పేరు చెప్పలేని మనిషి, సాయంత్రం దీపం పెట్టే వేళ అమ్మ గోవింద నామాలు మొదలుపెడితే తోడుగా వరసగా చెప్పడం చూసి మేము నివ్వెరపోయాము. ఏళ్ళ తరబడి నోటికి పట్టిన పాట, ప్రార్థన, అంకెల వరస ఇలా మిగిలి ఉండటం ఈ జబ్బులో తరచుగా జరిగేదేనని, మాట సాధనకు అది మంచి ఆసరా అని స్పీచ్ థెరపిస్టు వివరించారు.

ఇక మనుషుల సేవ. ఏజెన్సీ నుంచి మొదట పగటిపూట అటెండెంటును పెట్టుకున్నాము. వచ్చిన అబ్బాయి నెమ్మదస్తుడు, శుభ్రత తెలిసినవాడు, నాన్నగారి పట్ల మర్యాదగా ఉండేవాడు. అయినా నా మొదటి ప్రశ్నకు అతని పని నిలవలేదు. నాన్నగారు ఎడమ చేతితో చెంచా పట్టుకోగలిగినా అతనే తినిపించేవాడు. చొక్కా వేసుకోవడానికి ఆయన ప్రయత్నిస్తుంటే ఆలస్యమవుతుందని అతనే వేసేసేవాడు. తప్పు అతనిది అనలేను, ఏజెన్సీ అతనికి నేర్పింది రోగికి కష్టం కలగకుండా చూడమనే. చొక్కా వేసేటప్పుడు పడిపోయిన చేయి ముందు, విప్పేటప్పుడు మంచి చేయి ముందు అన్న చిన్న కిటుకు నేర్పితే, మిగిలిన సగం పని నాన్నగారే చేసుకోగలిగారు. ఏజెన్సీతో వచ్చిన అసలు చిక్కు వేరు. నేర్చుకున్న మనిషిని కొద్ది రోజుల్లోనే వేరే ఇంటికి మార్చి, కొత్త మనిషిని పంపేవారు, మళ్ళీ మొదటి నుంచి చెప్పుకోవలసి వచ్చేది. మాట రాని రోగికి మనిషి మారడం ఎంత కలతో వారు లెక్కలోకి తీసుకోలేదు. మీరు మాట్లాడుకునేటప్పుడే, ముందుగా చెప్పకుండా మనిషిని మార్చరాదని రాయించుకోండి. ఆ తర్వాత మేము పగటి సేవ మాని రాత్రికి మాత్రమే పెట్టుకున్నాము. రెండు గంటలకొకసారి పక్క మార్చే పని అతను చూసుకుంటే అమ్మ నిద్రపోగలిగింది, నిద్రపోయిన మనిషే పగలు ఓపికగా ఉండగలదు. ఉన్న డబ్బుతో ఒక్క పూటకే మనిషిని పెట్టుకోగలిగేవారికి నేను రాత్రినే సూచిస్తాను.

ఫిజియోథెరపిస్టు సేవ గురించి రాసేటప్పుడు ఒక పరిశోధన ప్రస్తావన అవసరం. కుటుంబానికి వ్యాయామాలు నేర్పి ఇంటి దగ్గర వారి చేతే చేయిస్తే రోగి ఎక్కువగా కోలుకుంటాడా అని మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1,250 మంది రోగులతో పరీక్షించి చూశారు. అటెండ్ అనే ఆ పరిశోధన 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఆరు నెలల తర్వాత చూస్తే, మరణించినవారు, ఇతరుల మీద ఆధారపడి మిగిలినవారు కలిపి, కుటుంబానికి నేర్పిన వర్గంలోనూ, మామూలు వైద్యం మాత్రమే అందిన వర్గంలోనూ 47 శాతమే. అంటే కుటుంబం నేర్చుకొని చేయించినంత మాత్రాన ఫలితం మారలేదు. దీన్ని చదివి నేను నిరుత్సాహపడలేదు, నాకు ఇది ఒక ఊరట. నాన్నగారు నడవకపోతే తాను చేయించే వ్యాయామం చాలకపోవడం వల్లనే అని అమ్మ తనను తాను నిందించుకోవడం నేను చూశాను. ఆ భారం కుటుంబం మీద మోపడం న్యాయం కాదు. కూర్చోబెట్టడం, లేపడం, తినిపించడం, చర్మం చూసుకోవడం, ఇవి ప్రమాదం లేకుండా చేయడం మేము తప్పక నేర్చుకోవాలి. కండరాన్ని, నడకను తిరిగి తెచ్చే చికిత్స మాత్రం చదువుకున్నవారి పని, దానికి డబ్బు కేటాయించాలి.

ఇంటింటికీ తిరిగే ఫిజియోథెరపిస్టుల్లో రెండు రకాలవారు కనిపిస్తారు. మొదట వచ్చినవారు కరెంటు మిషన్ పెట్టి, కాలు చేయి తాము ఆడించి, సమయం కాగానే వెళ్ళిపోయేవారు. ఆ మిషన్‌కు తగిన ఉపయోగాలు ఉన్నాయి. అయితే పడుకొని ఉన్న మనిషికి ఎంతసేపు కరెంటు పెట్టినా లేచి నిలబడటం రాదు, నిలబడటం సాధన చేస్తేనే వస్తుంది. రెండోవారు మొదటి రోజే కమోడ్ కుర్చీ, మంచం, స్నానాల గది, గడప చూశారు. ఇంట్లో రోజూ జరగవలసిన పనులనే వ్యాయామంగా మలిచారు. వచ్చినప్పుడల్లా అమ్మ పక్కన ఉండాలని పట్టుబట్టేవారు. "నేను చేయించేది గంటసేపే అమ్మా, మిగతా రోజంతా ఆయన మీ దగ్గరే కదా, మీరు తప్పుగా పట్టుకుంటే నా గంట వృథా" అనేవారు. ఆయన రాసి గోడకు అంటించిన కాగితంలో వారం వారం ఏం చేయగలిగారో గుర్తు ఉండేది: ఆసరా లేకుండా కూర్చోవడం, మంచం మీద తానే పక్కకు తిరగడం, బెల్టు పట్టుకుంటే లేవడం. మొదటి మూడు నెలల్లో కోలుకోవడం వేగంగా ఉంటుందని, ఆ తర్వాత నెమ్మదించినా ఆగదని చెప్పారు కాబట్టి, డబ్బు తక్కువైతే సామాను తగ్గించుకొని ఆ నెలల్లో ఈ సేవను నిలుపుకోమని నా మాట. పాదం ముందుభాగం వేలాడకుండా పట్టే పట్టీ అవసరమైతే తయారు పట్టీ కొనే ముందు, టీటీడీ ఆధ్వర్యంలోని బర్డ్ ఆసుపత్రిలో చూపించుకోండి. చిత్తూరు వైపు వారికి వేలూరు సీఎంసీ దగ్గర. అక్కడి పునరావాస విభాగం దేశంలో పాతవాటిలో ఒకటి.

రోగి ముభావంగా ఉండటం, తినకపోవడం, వ్యాయామానికి మొండికేయడం మూర్ఖత్వమని అనుకోవద్దు. పక్షవాతం వచ్చినవారిలో దాదాపు ముగ్గురిలో ఒకరికి కుంగుబాటు వస్తుంది, దానికి మందు ఉంది. డాక్టరుకు చెప్పాలి. ప్రభుత్వ సాయం గురించి కూడా తెలుసుకోండి. వైకల్యం ఎంత ఉందో తేల్చి ప్రభుత్వం ఇచ్చే సదరం ధ్రువపత్రం ఉంటే, 2024 నుంచి రాష్ట్రంలో దివ్యాంగులకు నెలకు 6,000 రూపాయలు, పక్షవాతంతో పూర్తిగా మంచానికి పరిమితమైనవారికి 15,000 రూపాయలు పింఛను ఇస్తున్నారు. అటెండెంటు జీతంలో అది మంచి భాగమే.

దుకాణం అద్దె షరతుల విషయానికి వస్తే, అడ్వాన్సు తీసుకొని రసీదు ఇచ్చారు, మేము కొన్న గాలి పరుపు పంపు చెడిపోయినప్పుడు కూడా ఆ సాయంత్రానికే వేరేది తెచ్చారు, మంచం తిరిగి ఇచ్చినప్పుడు అడ్వాన్సు పేచీ లేకుండా లెక్క చూశారు. నెల మధ్యలో వెనక్కి ఇచ్చినా పూర్తి నెల అద్దె తీసుకోవడం ఒక్కటే నచ్చలేదు. ఐదుకు నాలుగు మార్కులు వేస్తాను. ఒక మార్కు తగ్గించడానికి కారణం వాకరే. అద్దె కట్టడానికి వెళ్ళినప్పుడు యజమానికి ఈ మాట వివరంగా చెప్పాను. కొనడానికి వచ్చినవారిని రోగికి ఏ చేయి పడిపోయింది, ఎత్తు ఎంత, మింగగలుగుతున్నారా అని మూడు ప్రశ్నలు అడిగి సామాను ఇవ్వమని, నాలుగు కాళ్ళ కర్రను ముందు అరలో పెట్టమని, నడుము బెల్టు తెప్పించమని కోరాను. ఆయన ఓపికగా విని, బెల్టు ఎక్కడ దొరుకుతుందో రాసి ఇవ్వమన్నారు. మేము వాడని వాకరును వెనక్కి తీసుకొని, దాని బదులు కర్ర ఇచ్చారు. మీరు ఏ దుకాణానికి వెళ్ళినా, వారు అడగకపోతే ఆ మూడు సంగతులూ మీరే ముందుగా చెప్పండి. వీలైతే సామాను దిగే రోజునే ఫిజియోథెరపిస్టును కూడా ఇంటికి పిలిపించుకోండి.